ఖాసింబీ సిస్టర్ తిన్న చప్పిడి పథ్యం

"ఖాసింబీ సిస్టర్ ఇక లేరు" అని గత శుక్రవారం ఉదయం నాకు వరుసగా ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురూ అదే మాట అన్నారు. రాబోతున్నదని తెలిసిన వార్తే. అయినా వినగానే చిరాకు వచ్చింది. బతికి ఉండగా ఆ "ఇక లేరు"ను ఆమె మా ఆసుపత్రిలో ఎవరినీ పలకనిచ్చేది కాదు. "లేరంటే ఏంది? సంతకు పోయినారా? చనిపోయినారని చెప్పండి. ఇంట్లోవాళ్ళు ఇంగా దుప్పటి తెచ్చేదా, పాలు తెచ్చేదా అని నిలబడుకోనుంటారు" అనేది. కాబట్టి ఆమెకు నచ్చిన పద్ధతిలోనే చెబుతాను. ఖాసింబీ చనిపోయింది. జమ్మలమడుగులో, తన ఇంట్లో, యాభై ఎనిమిదో ఏట, క్లోమగ్రంథి క్యాన్సరుతో.

ప్రొద్దుటూరులోని మా చిన్న ఆసుపత్రిలో ఆమె ఇరవై రెండేళ్ళు పనిచేసింది. నియామక పత్రంలో నేను వైద్యుణ్ణి, ఆమె నర్సు. మరణాసన్నులైన రోగుల విషయంలో మాత్రం ఆ పత్రం తలకిందులుగా చదువుకోవాలి. "ఇక వైద్యం చేయగలిగిందేమీ లేదు" అని నేను చేతులు దులుపుకున్న చోట ఆమె చేతులు కడుక్కుని పనిలోకి దిగేది. డ్యూటీ అయ్యాక జమ్మలమడుగు బస్సెక్కి, దారిలో ఏదో ఒక ఊళ్ళో దిగి, ఇంటికి పంపేసిన మనిషిని చూసి, తరువాతి బస్సుకు ఇల్లు చేరేది.

మొన్న ఊళ్ళో సంతాపసభ జరిగింది. వేదిక మీది ఫ్లెక్సీలో "కరుణామూర్తి" అని రాయించారు. ఒక వక్త ఆమెను సహనానికి ప్రతిరూపమన్నాడు, ఇరవై ఏళ్ళలో ఆమె ముఖాన కోపం చూడలేదన్నాడు. ఆయన ఆ ఇరవై ఏళ్ళలో ఆమెను ఎన్నిసార్లు చూశాడో నాకు తెలియదు. నేను చూసిన ఖాసింబీకి కోపం ఊపిరితో సమానం. రిజిస్టర్లు రాసేది కాదు. తనిఖీకి వచ్చినవారి ముందు నేను తలవంచుకుని నిలబడితే, "రాస్తా కూచుంటే ఆ ముసలామెను ఎవరు పక్కకు తిప్పల్ల సార్?" అని వాళ్ళ ఎదుటే అడిగేది. ఆమె నోటికి తట్టుకోలేక నలుగురు కొత్త నర్సులు మానేశారు. వాళ్ళను తిరిగి పిలవడానికి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళింది నేను. ఆమెను కరుణామూర్తి అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కరుణ ఉండేది, నిజమే. దాన్ని అనుభవించడానికి ముందు తిట్లు తినవలసి వచ్చేది.

నేను తిన్న మొదటి పెద్ద తిట్టు తొండూరు రైతు విషయంలో. బత్తాయి తోటలున్న పెద్దాయన, కాలేయమంతా క్యాన్సరు పాకిపోయింది. కొడుకును వరండాలోకి పిలిచి, గంభీరంగా గొంతు సవరించుకుని, "ఇంటికి తీసుకుపోండి, బాగా చూసుకోండి" అన్నాను. అంతకంటే మర్యాదగా ఎలా చెప్పాలో నాకు అప్పటికి తెలియదు. వారం తిరక్కుండా మా ఆసుపత్రికి రెండు గంపల చీనీకాయలు వచ్చాయి. కృతజ్ఞత కాబోలు అనుకుని నేను సంతోషించాను. ఖాసింబీ ఆ గంపల వైపు, నా వైపు చూసింది.

"ఎందుకు పంపిచ్చినారో తెలుసా సార్? ఆయప్పకు నయమైందని. ఇంటికి పొమ్మన్నారంటే బాగైనట్లే గదా. బ్రహ్మంగారిమఠానికి మొక్కు తీర్చేకి వచ్చేనెల బండి మాట్లాడుకున్యారంట. కూరాకు, నెయ్యి బాగా పెడతాండారంట, ఆయప్ప కక్కుకుంటాండాడంట. ల్యాయండి, పోదాం."

నా కారులో వెనక సీట్లో కూర్చుని తొండూరు వచ్చింది. అక్కడ ఆ కొడుకును, నన్ను ఎదురెదురుగా కూర్చోబెట్టింది. నేను "పరిస్థితి విషమంగా ఉంది" అన్నాను. "అది పేపర్లో రాసే మాట సార్. 'చనిపోతాడు' అనే మాట ఉండల్ల దాంట్లో" అంది. అన్నాను. కొడుకు ఏడ్చాడు. పక్క గదిలో మంచం మీదున్న పెద్దాయనకు అంతా వినబడుతూనే ఉంది. "అయితే ఇంగ వచ్చేనెల దాంకా ఎందుకురా, రేపే పోదాం మఠానికి" అన్నాడాయన. మరునాడే పోయి వచ్చారు. మూడు వారాలకు, కొడుకులందరూ దగ్గరుండగా, చనిపోయాడు. వరండాలో నేను కాపాడిన మర్యాద కొనసాగి ఉంటే ఆయన ఆ మఠం చూసేవాడు కాదు.

రోగి ఇంట్లో ఆమె చేసే మొదటి పని చుట్టాలతో తగవు. మన దగ్గర మనిషి పోతున్నాడంటే ఊరు ఊరంతా చూసిపోవడానికి వస్తుంది. వచ్చిన ప్రతివారూ ఒక చెంచా నీళ్ళో పాలో నోట్లో పోయకపోతే వచ్చినట్టు కాదు. మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుందన్న స్పృహ ఉండదు. ఖాసింబీ గుమ్మంలో నిలబడి, "సూసేకి వచ్చినారా, చేసేకి వచ్చినారా?" అని అడిగేది. చేయడానికి వచ్చామన్నవారికి తడిదూది ఇచ్చి పెదవులు ఎలా తడపాలో, మనిషిని నొప్పి లేకుండా ఎలా ఒత్తిగిలించాలో, వీపు ఎలా తుడవాలో నేర్పేది. సగం మంది అక్కడే చెప్పులేసుకునేవారు. మిగిలిన సగం మంది పది రోజుల్లో నర్సులయ్యేవారు. నాకు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో లెక్కలేదు. "మీ నర్సమ్మ మా చిన్నాయనను సూడనీలేదు" అని చెన్నూరు నుంచి ఒకాయన పనిగట్టుకుని వచ్చి నన్ను అరగంట నిలదీశాడు.

ఆమె భర్త దస్తగిరి పరుపులు కుట్టే మనిషి. దూది ఏకే ఇంట్లో పుట్టినవాడు. మితభాషి. పిల్లలు లేరు. మంచాన పడినవారికి పుండ్లు పడకుండా మడమల కింద, నడుము కింద పెట్టే చిన్న చిన్న దిండ్లను ఆమె కొలతలు చెబితే ఆయన కుట్టేవాడు. ఫలానా మనిషికి ఫలానా చోట ఎముక తేలింది అని ఆమె రోజూ అన్నం దగ్గర చెప్పేది, ఆయన వినేవాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళలో ఆ దిండ్ల మీద ఎంతమంది ప్రశాంతంగా కన్ను మూశారో సంతాపసభలో ఒక్కరైనా చెబుతారేమోనని చివరిదాకా కూర్చున్నాను. చెప్పలేదు.

ఇక ఆమె జబ్బు సంగతి. ఇది రాస్తుంటే నాకు మళ్ళీ కోపం వస్తోంది.

రెండు నెలల కింద ఆమె కళ్ళు పచ్చబడ్డాయి. స్కాను తీయించాను. ఆ ఫిల్ము నేను చూసేలోపే తను కిటికీ వెలుగుకు పెట్టి చూసుకుంది. "ఊఁ" అంది. తరువాత ఆమె అన్న మాట, ఇరవై రెండేళ్ళు నన్ను తిట్టి నేర్పిన మనిషి అన్న మాట: "దస్తగిరికి చెప్పొద్దు సార్. కామెర్లని చెప్పండి."

నేను వాదించాను. నువ్వే కదా ఎన్ని ఇళ్ళలో ఈ దాపరికాన్ని చీల్చి చెండాడావు అన్నాను. "అది పేషెంట్ల సంగతి సార్. ఆయప్పకు నేను తప్ప ఎవరుండారు? తెలిస్తే దూది ముట్టడు, అన్నం ముట్టడు" అంది. చెప్పనని నా చేత మాట తీసుకుంది.

వారం గడిచిందో లేదో దస్తగిరి నా దగ్గరికి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "ఆమెకు క్యాన్సరు గదా సార్" అన్నాడు. నేను తెల్లబోయాను. "ఇన్నేండ్లు అన్నం కాడ పేషెంట్ల కతలు ఇన్యా సార్. నొప్పి ల్యాకుండా కండ్లు పచ్చబడి మనిషి సన్నబడితే ఏందో నాకు తెల్దా? నాకు తెల్సని మాత్రం ఆమెకు చెప్పొద్దండి. చెప్తే నాకు సేవ చేసేకి మొదులుపెడతాది. సచ్చేంతవరకూ నర్సుగానే ఉంటాది. ఒక్క నెలన్నా పేషెంటుగా ఉండనీండి" అన్నాడు. ఆయనకూ మాట ఇచ్చాను.

అలా ఒకే గదిలో ఇద్దరు మనుషులు ఒకరి ఎదుట ఒకరు కామెర్ల నాటకం ఆడడం మొదలుపెట్టారు. పులివెందుల అవతల ఒక పల్లెలో కామెర్లకు పసరు పోస్తారని దస్తగిరి ప్రతి ఆదివారం ఆమెను బస్సులో తీసుకుపోయేవాడు. ఆ పసరు తాగినందుకు ఎంతమంది రోగులను ఆమె చెడామడా తిట్టిందో! ఇప్పుడు తనే ముక్కు మూసుకుని తాగింది. పసరుకు పథ్యం ఉంటుంది. ఉప్పు లేదు, కారం లేదు, నూనె లేదు. మిరపకాయ లేనిదే ముద్ద దిగని మనిషి, ఎర్రకారం దండిగా పూసిన దోసె కోసం బస్సు వదులుకునే మనిషి, మజ్జిగ కలిపిన చప్పిడి అన్నం తింది, ఆయన నమ్మకం చెడకూడదని. ఆయన తన చేత్తో ఆ చప్పిడి ముద్దలు కలిపి పెట్టాడు, ఆమె నమ్మకం చెడకూడదని. ఎవ్వరూ నమ్మని మందుకు ఇంత నిష్ఠగా పథ్యం చేసిన దంపతులను నా వృత్తిజీవితంలో మరెక్కడా చూడలేదు.

నేనేం చేశాను? నొప్పికి మాత్రలు ఇవ్వడానికి వారానికి రెండుసార్లు జమ్మలమడుగు వెళ్ళాను. ఆమెతో ఒక రకంగా, ఆయనతో ఒక రకంగా, ఇద్దరి ఎదుట మూడో రకంగా మాట్లాడాను. బయటికి వచ్చి కారులో కూర్చుని ఇద్దరినీ తిట్టుకునేవాణ్ణి. నన్ను నేను మాత్రం మాట మీద నిలబడ్డవాడిగా భావించుకున్నాను.

ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి ఆమె రెండు దిండ్లకు ఆనుకుని ఉంది. ఆయన ముద్ద పెడుతున్నాడు. మింగడానికి ఆమె పడుతున్న కష్టం నాకు కనబడుతోంది. "బాగుండాది" అంది. ఆయన నా వైపు తిరిగి, "కండ్లు కొంచిం తెల్లబడినాయి గదా సార్?" అన్నాడు. ఆమె తలూపింది. ఆ కళ్ళు పసుపుకొమ్ముల్లా ఉన్నాయి. నాలో ఏదో తెగింది.

"ఇద్దరూ వినండి. ఇది కామెర్ల జబ్బు కాదు, క్యాన్సరు. ఖాసింబీ చనిపోతుంది, కొద్ది రోజుల్లోనే. ఆమెకు తెలుసు. నీకూ తెలుసు దస్తగిరీ. ఎవరి దగ్గర ఏం దాచాలో గుర్తుపెట్టుకోవడం ఇక నా వల్ల కాదు."

మొదట ఆమే మాట్లాడింది, నాతో. "మాట సరిగ్గానే చెప్పినారు సార్. అరిసేది ఎందుకు?" తరువాత భర్త వైపు తిరిగింది.

"నీకు తెల్సా?"

"తెల్సు."

"ఎప్పట్నించి?"

"మొదుటి ఆదివారానికి ముందునించే."

"మరి ఆ పసరు ఎందుకు తాపిస్తివి?"

"నువ్వు తాగుతాంటివి గదా."

ఆమె నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఆయన ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉంది. "ఆ కూడు పక్కన పెట్టు. పోయి కారం దోసె తీస్కరా" అంది. ఆయన చెయ్యి కడుక్కోకుండానే వీధిలోకి పరుగెత్తాడు. ఆ దోసెలో ఆమె తినగలిగింది మూడు తుంపులే. నేను పక్కనే నిలబడి చూశాను.

ఆ తరువాత ఆమె పదకొండు రోజులు బతికింది. ఆయన పని ఆపి ఆమె మంచం పక్కనే చాప వేసుకున్నాడు. దూది ముట్టడని ఆమె భయపడింది నిజమే అయింది, కానీ ఆయన పని ఆపినందువల్ల ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు. నేను వెళ్ళినప్పుడల్లా లోపల మాటలు వినబడేవి. కొన్నిసార్లు తగవు, కొన్నిసార్లు నవ్వు. నేను గుమ్మంలోకి రాగానే ఆగిపోయేవి. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు నాకు లేదు.

ఆమె స్థానంలో ఎవరిని తీసుకుంటారని నన్ను అడుగుతున్నారు. రెండు దరఖాస్తులు వచ్చాయి. ఇద్దరికీ మంచి చదువుంది, రిజిస్టర్లు కూడా చక్కగా రాస్తారట. తీసుకుంటాను. కానీ చావు దగ్గరికి వచ్చిన ఇంట్లోకి చొరబడి, ఆ ఇంటివాళ్ళ మీద అరిచి, వాళ్ళ చేతనే వాళ్ళ మనిషికి సేవ చేయించి, చివరికి వాళ్ళు తమను తాము క్షమించుకోగలిగేలా చేసిన ఆ విద్య ఆమెతోనే మట్టిలోకి పోయింది. దాన్ని ఆమె ఏ పుస్తకంలోనూ రాసిపెట్టలేదు. అందుకు కూడా నాకు ఆమె మీద కోపమే. ఆ కోపంతోనే ఆమెకు చేతులు జోడిస్తున్నాను.

మూడో దినం ఫాతిహా ప్రార్థనకు జమ్మలమడుగు వెళ్ళాను. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక దస్తగిరి నా పక్కన కూర్చున్నాడు.

"పదకొండు దినాలు సార్. పెండ్లయిన కొత్తలో గూడ అంత మాట్లాడుకోల్యా. శానా బాగుండె. ఇంగా శానా మిగిలిపోయె" అన్నాడు. కాసేపటికి, నన్ను నిందించే ఉద్దేశం ఏ మాత్రమూ లేకుండా, ఏదో లెక్క సరిచూసుకుంటున్నవాడిలా అన్నాడు: "మీకు ఇద్దరి సంగతీ ముందునించే తెల్సు గదా సార్. ఒక నెల ముందే అరిచింటే బాగుండు."

ఆ నెల రోజులూ ఖాసింబీకి చప్పిడి కూడు తినిపించింది నేను.