ట్యాంకు మూతకు పెట్టిన బొట్టు

డెబ్బైల మొదట్లో మాకొక తెరచాప పడవ ఉండేది. కృష్ణలో బ్యారేజీకి దిగువన, మా లంక నుంచి బెజవాడ వైపు ఒడ్డుకు మనుషుల్నీ కూరగాయల తట్టల్నీ చేరవేసేది. గాలి లేని రోజుల్లో అవస్థగా ఉందని మా నాన్న ఒక పాత డీజిలింజను కొని దానికి బిగించి, నడపడానికి ఒక డ్రైవర్ని పెట్టాడు. ఆ డ్రైవరంటే నాకు ఒళ్ళు మంట.

పెద్ద కారణమేం లేదు. నేను పాలిటెక్నిక్ చదివి వచ్చాను. వచ్చిన మొదటిరోజే స్పానర్ పట్టుకుంటే, పడవ నిండా జనం ఉండగా ఆయన మెల్లగా అన్నాడు.

"బాబుగారూ, అటు తిప్పితే ఇంకా బిగుసుకుద్దండి."

వంకాయల తట్టల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు. నవ్వినా ఇంత కోపం వచ్చేది కాదేమో.

ఆయనది క్రైస్తవ కుటుంబం. భార్య, ఇద్దరు ఆడపిల్లలతో రేవు పక్కన మా పాకలోనే ఉండేవాడు. పని ఉంటేనే ఆ పాక. అది నాకు బాగా తెలుసు.

దసరాకి ఆయుధపూజ నేనే చేశాను. ఆయన పొద్దున్నే ఇంజను తళతళలాడేలా కడిగిపెట్టి పక్కన నిలబడ్డాడు. నేను పసుపూ గంధమూ చిక్కగా కలిపి ఇంజనుకు పూసి, కుంకుమ అద్దాను. డీజిలు ట్యాంకు మూతకైతే మరీ దట్టంగా మెత్తాను. ఆయన విస్తట్లో పులిహోర పెట్టించుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు.

మర్నాడు నది మధ్యలో ఇంజను ఆగిపోయింది. హ్యాండిలు ఎంత తిప్పినా అందుకోలేదు. ప్రవాహానికి కొట్టుకుపోతుంటే ఆయనే తెరచాప ఎత్తి ఎక్కడో దిగువన ఒడ్డుకు చేర్చాడు. అక్కడ ఫిల్టరు కడిగి, డీజిలు పోసి, పైపులో ఎయిర్ తీస్తే స్టార్టయింది. ఆ మరుసటి రోజూ అదే వరస. బస్సులు తప్పిపోయిన జనం ఆయన్ని నానా మాటలూ అన్నారు. నాకు లోలోపల పండగ్గా ఉంది.

"పూజకి దణ్ణం పెట్టనివాడి చేతిలో ఇంజనేం నడుస్తుంది నాన్నా," అన్నాను ఇంట్లో. ఆ మాట నేనే నమ్మలేదు. నాన్న నమ్మాడు.

మూడోరోజు నాన్న కూడా పడవెక్కాడు. సగం దూరంలో మళ్ళీ ఆగింది. డ్రైవరు చెమటలు కక్కుతూ పైపు నట్టు వదులు చేశాడు. చుక్క డీజిలు రాలేదు.

"బాబుగారూ, ట్యాంకులో ఎంతుందో కాస్త చూడండి."

మూత తిప్పాను. ట్యాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది. మూత మధ్యలో గాలి పోవడానికి సూదిబెజ్జమంత చిల్లు ఉంటుంది. అందులో నేను మెత్తిన పసుపు ఎండి బిరడాలా బిగుసుకుంది. లోపలికి గాలి లేకపోతే డీజిలు కిందికి దిగదు. ఆయన రోజూ ఆ మూత తీస్తున్నాడు, కానీ పూజ చేసిన పసుపని అంచులు పట్టుకునే తీస్తున్నాడు. తుడిచి ఉంటే ముందు గొడవ చేసేవాణ్ణి నేనే.

పైపు మీదికి వంగిన ఆయనకు ఆ చప్పుడు వినబడలేదు. మూత మళ్ళీ అలాగే బిగించాను.

"సగానికి పైనే ఉంది," అన్నాను.

ఇంజను స్టార్టయింది. ఒడ్డు దగ్గరపడుతుండగా మళ్ళీ ఆగింది.

"ఇంక చాల్లేవయ్యా. రేపణ్ణించి రావద్దు," అన్నాడు నాన్న.

"ఒక్కరోజు టైమివ్వండయ్యగారూ. ఏవిటో పట్టుకుంటాను."

ఆయన నా వైపు చూశాడు. నేను తాడు చుట్టుకుంటూ ఉండిపోయాను.

మర్నాడు గుండుసూదితో చిల్లు పొడిచాను. ఇంజను మళ్ళీ ఆగితే ఒట్టు. మావాడి చదువు అక్కరకొచ్చిందని నాన్న రేవంతా చెప్పుకున్నాడు. నేను కాదనలేదు.

వారం తర్వాత వాళ్ళు పాక ఖాళీ చేసి, మంగళగిరిలో భార్య తరఫువాళ్ళ దగ్గరికి బయల్దేరారు. మా పడవలోనే దాటారు. పిల్లలు నావైపు చూడనే లేదు. ఆయన మాత్రం దారంతా తల వంచి ఇంజను చప్పుడే విన్నాడు. ఒడ్డున సామాను దించాక నా దగ్గరికొచ్చాడు.

"బాబుగారూ, ఇంతకీ ఏంటండీ అది? నాకు తట్టనే లేదు. రేపు ఇంకోచోట పనికెళ్తే తెలిసుండాలి గదండీ."

"నాజిల్ పోయింది. మార్చాను."

"నాజిల్ చూశానండీ నేను." కాసేపు ఆలోచించాడు. "సరిగ్గా చూసుండను లెండి."

ట్రంకుపెట్టె నెత్తికెత్తుకుని గట్టెక్కడం మొదలుపెట్టాడు. పిలిస్తే వినబడే దూరంలోనే ఉన్నాడు. నేను హ్యాండిలు అందుకుని ఇంజను స్టార్టు చేశాను.