తెర బాలన్న కుర్చీ

గౌలిపురల బాలనర్సింహ ఇల్లెక్కడ అని అడిగితె సగం మందికి తెల్వదు. తెర బాలన్న అని అడుగున్రి, పాల దుకానంకాడ నిలవడ్డ ఎవరైనా చెయ్యి పట్టుకొని తీస్కపోతరు. తల్లిదండ్రులు మస్తు ప్రేమతోని పెట్టిన పేరు ఆధార్ కార్డు మీదనే మిగిలింది. బర్రెలున్నన్ని దినాలు పాలు పిండిండు, బర్రెలు పోయినంక కొడుకు రవీందర్‌తోని కలిసి పెరుగు దుకానం పెట్టిండు. గవేవీ ఆయన పేరుల లెవ్వు. తెరనే ఉన్నది.

ఆ తెర ముచ్చట ముందుగాల్ల చెప్తె గని మీకు సమజ్ గాదు.

గౌలిపుర ఎనక గల్లీల ఒక మెట్లబావి ఉన్నది. ఎవరు తవ్వించిన్రంటె ఒక్కొక్కరు ఒక్కో నవాబు పేరు చెప్తరు, గట్టిగ అడిగితె కొట్లాటకొస్తరు. మూడు దిక్కుల రాతి మెట్లు, నాలుగో దిక్కు వెడల్పాటి రాతి గద్దె. నీళ్లు ఎండిపోయి శానా ఏండ్లాయె. మెట్ల మీద జనం కూసోని, గద్దె మీద మనిషి నిలవడి పాడితె, మైకు లేకున్న పై మెట్టు దాక మాట స్పష్టంగ ఇనవడతది. ఎండకాలమొస్తె ఆడ యక్షగానం ఆడుడు తాతల నాటి రివాజు. నడుమల కొన్నేండ్లు అండ్ల చెత్త పోసి ఖరాబు చేసిన్రు, ఎవరు పోసిన్రో పేర్లతోని సహా చెప్పగలుగుత గని ఇప్పుడా లొల్లి ఎందుకు. గన్ని దినాలు ఆట గల్లీలనే ఆడిన్రు. మళ్ల సాఫ్ చేసిన్రు, దీపాలు పెట్టిన్రు. ఇప్పుడు ఎండకాలం శనివారాలు ఒకసారి గజళ్లు, ఒకసారి ఖవ్వాలి, ఒకసారి గుండయ్య మేళం యక్షగానం. పొద్దు గూకంగనె మొదలువెడతరు. పక్క మసీదుల అజాన్ అయిపోయేదాక మద్దెల మీద చెయ్యి పడదు. గది ఎవరూ చెప్పకున్న నడిచే కట్టుబాటు.

యక్షగానంల రాజైనా రాణైనా ఊర్కె నడుచుకుంట గద్దె మీదికి రారు. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టి ఎర్ర తెర అడ్డం పడతరు. ఏశం కట్టినోళ్లు ఆ తెర ఎనక నిలవడి తొలి దరువు పాడతరు. జనానికి కింద గజ్జెల కాళ్లు తప్ప ఏం కనవడదు. పాట తీరినంక లోపలి నుంచి అరచేత్తోటి తెరను మెల్లగ ఒత్తుతరు. గది గుర్తు. పట్టినోళ్లు తెర కిందికి ఇడుస్తరు. అప్పటిదాక పల్లీలు తినుకుంట ముచ్చట్లు పెట్టే జనం గప్పుడు ఒక్కసారి ఊపిరి బిగవడతరు.

ఆ తెరకు కుడి కొస నలభై ఏండ్లసంది బాలన్నదే. నిజానికి ఆయన రాజేశం కట్టుదమని పోయిండు. అప్పట్ల మేళం నడిపే గుండయ్య నాయిన పాట పాడమన్నడు. బాలన్న పాడిండు. పెద్దాయన మొత్తం ఇనలే. "బిడ్డా, నీ గొంతు బర్రెలు తోలుటానికి మంచిగ పనికొస్తది, నీ ఎత్తు తెరకు పనికొస్తది" అన్నడు. బాలన్న మనసు చివుక్కుమన్నది గని, ఇంటికైతె పోలే. తెర కొస పట్టుకున్నడు.

తెర పట్టేటోనికి ఒక కట్టుబాటున్నది. ఏశం దిక్కు తిరిగి చూడొద్దు. ఇంక బయటికి రాని ఏశానికి తొలి దిష్టి తెరోనిదే తగులుతదని పెద్దలన్నరు. అందుకని మొఖం జనం దిక్కు పెట్టుకోని, తెర పడ్డంక దాన్ని చుట్టుకోని పక్కకు జరగాలె. గింతేసి మనిషి నలభై ఏండ్లు ఆటల నడుమనే ఉండి, రాజు వీపు, రాణి జడ తప్ప ఏం చూడలేదంటె మీరు నమ్ముతరా? ఎవరి ప్రవేశం ఎంత బాగుందో ఆయన జనం మొఖాలు చూసి చెప్పేటోడు. నోళ్లు తెరిస్తె ఒక లెక్క, పల్లీలు నములుడు ఆగితె ఇంకో లెక్క. గుండయ్య ఆట అయినంక వచ్చి, "ఎట్లున్నదే బాలన్నా" అని ఆయననే అడిగేటోడు.

ఈ ఏడు రవీందర్ బిడ్డ సాయిప్రియకు రాజకుమారి కనకవల్లి ఏశమొచ్చింది. డిగ్రీ సదువుతున్న పిల్ల. ఇదివరదాక ఆడేశాలు మొగోళ్లే కట్టిన్రు. ఇప్పుడు మీసం తీస్తమంటె ఒక్కడు ఒప్పుకుంటలేడు. గుండయ్య శానా తిరిగి, ఆఖరికి ఇసుగొచ్చి, "ఆడేశం ఆడపిల్లనే కట్టని, ఎవడేమంటడో నేను చూస్త" అన్నడు. ఎవడూ ఏమనలే. పిల్ల గొంతు ఇన్నంక అనేటందుకు ఏముంటది?

గా రోజు బాలన్న గుండయ్య ఇంటికి పోయి, అరుగు మీద కూసోని, చాయ్ తాగి, ఇంకో చాయ్ తాగి, అప్పుడు చెప్పిండు.

"గుండన్నా, ఈ పాలి నేను తెర పట్ట."

"ఏంది, భుజం నొస్తుందా?"

"భుజం మంచిగనే ఉన్నది. ముందట కూసుంట. మనుమరాలు తొలిసారి తెర ఎనకెల్లి వచ్చుడు నా కండ్లతోని చూడాలె. గంతే. ఇంకేం అడుగ."

గుండయ్య చాయ్ గిలాస పక్కకు పెట్టిండు. "ఇన్నేండ్లల నువ్వు ఒక్కటంటె ఒక్కటి అడగలే గదనే. పోయి రాజా లెక్క కూసో" అన్నడు.

శనివారం వచ్చింది. పుష్పమ్మ మొగనికి తెల్లంగి ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఆయన తలకు నూనె పెట్టుకోని, దువ్వుకోని, అద్దంల చూసుకోని, మళ్ల దువ్వుకున్నడు. "పెండ్లినాడు గూడ గింత సింగారం చెయ్యలే గద నువ్వు" అన్నది పుష్పమ్మ. బాలన్న ఇననట్టే చెప్పులు తొడుక్కున్నడు.

మెట్లబావికాడ కుర్చీలకెల్లి దీపాల దాక ఇంతెజాములన్ని సాగర్ చూస్తడు. ముప్పై ఏండ్లోడు, వారమంత హైటెక్ సిటీల నౌకరి, శనివారమైతె ఈడనే. మంచోడే, వంక పెట్టేటందుకు లేదు, గని చేతుల ఫోన్ ఉంటె గంతే. తినే బిర్యాని, పోయే పెండ్లి బరాత్, పక్కింటోల్ల మేక పిల్ల, అన్ని వీడియోలు తీసుడే. బాలన్నను చూసి ఎదురొచ్చి, గద్దెకు ఎదురుంగ నడిమిట్ల కుర్చీ ఏసి కూసోవెట్టిండు. పక్కన పుష్పమ్మ.

కూసున్నంక బాలన్నకు చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వలే. మోకాళ్ల మీద పెట్టిండు, కట్టుకున్నడు, మళ్ల పెట్టిండు. "దినాం కుర్చీల కూసుంటనే ఉంటవ్ గద, గిదేం కొత్త" అని పుష్పమ్మ గునిగింది.

అజాన్ అయ్యింది. మద్దెల మోగింది. ముందుగాల్ల రాజు ప్రవేశం. ఎర్ర తెర లేచింది, గుండయ్య లోపట పాడిండు, తెర పడ్డది. కిరీటం, భుజకీర్తులు, గా మొఖం మీద రంగు, దీపాల ఎలుగుల గుండయ్య నిలవడ్డడు. దినాం పెరుగుకొచ్చే గుండయ్యనేనా? బాలన్నకు చేతుల మీద ఎంటికలు నిక్కవొడిచినయ్. తెర పడుడంటె గిదా, ఇన్నేండ్లు నేను ఇడిసింది గిదా అనుకున్నడు. గుండయ్యకే గిట్లుంటె, సాయిప్రియ వస్తె ఎట్లుంటదో అని పాణం కొట్టుకున్నది. కుర్చీల ముందుకు జరిగి కూసున్నడు.

రాజకుమారికి తెర లేచింది. ఒక కొస మద్దెలాయన తమ్ముడు పట్టిండు. రాజుకు రెండో కొస పట్టినాయన ఏశం కట్టేటందుకు పోయిండు, బాలన్న పట్టే ఆ కొసకు ఇంకో మనిషి దొరకక సాగర్ పట్టిండు. తెర కింద చిన్న చిన్న పాదాలు, పారాణి, గజ్జెలు. కాళ్లు లయ పట్టినయ్. "వెడలెను కనకవల్లి" అని గొంతు లేచింది.

లేచింది, ఆగింది.

హార్మోనియమాయన అదే ముక్క మళ్ల వాయించిండు. "వెడలెను" అన్నది, మళ్ల ఆగింది. మెట్ల మీద ఎవరో దగ్గిన్రు. బాలన్న తెర కింద పాదాల దిక్కు చూసిండు. ఒక పాదం ఇంకో పాదం మీదికి ఎక్కి నిలవడ్డది. గా పిల్ల తొలిసారి బడికి పోయిన్నాడు గేటుకాడ గట్లనే నిలవడ్డది. ఎత్తుకోని తోల్కపోయింది ఈయననే.

అప్పుడు తల పైకెత్తి సాగర్‌ను చూసిండు. సంగతి తెలిసిపోయింది. సాగర్ ఒక చేత్తోటి తెర పట్టుకోని, మొఖం లోపలి దిక్కు తిప్పి, ఇంకో చేత్తోటి పిల్ల మొఖానికి మూరెడు దూరంల ఫోన్ పెట్టి తీస్తున్నడు. మంచిగ నవ్వుకుంటనే తీస్తున్నడు, పాపం. పాడు పాడు అన్నట్టు తల గూడ ఊపుతున్నడు. తెరోడు ఏశాన్ని చూడొద్దని అతనికి ఎవరు చెప్పిన్రు? బాలన్న కుర్చీ మురిపెంల పడి తనే చెప్పుడు మర్సిండు. దిష్టి దిష్టి అని పెద్దలన్నది ఏందో గప్పుడు ఆయనకు ఎరుకైంది. ఇంక తయారుగాని మనిషిని పక్కన నిలవడి తేరిపార చూస్తె ఎవరి గొంతు లేస్తది?

లేశిండు. పుష్పమ్మ అంగి కొస పట్టి గుంజింది.

"ఏడికి? కూసో. అదే పాడుకుంటది."

"పాడది."

"నలభై ఏండ్లసంది చూస్త చూస్త అని నా పాణం తిన్నవ్ గదయ్యా. ఇంక జరసేపట్ల తెర పడతది. ఇప్పుడు లేస్తె ఇంక చూసేదుండదు."

గా మాట నిజమే. ఆయనకు తెల్వదా? తొలిసారి అన్నది ఒక్కసారే ఉంటది. బాలన్న రెండు దిక్కుల గుంజినట్టు అక్కన్నే నిలవడ్డడు. ఎనక మెట్ల మీదోళ్లు "బైఠో చచా, కూసో" అని కేకేసిన్రు. తెర కింద పాదాలు అట్లనే ఉన్నయ్. ఆయన పుష్పమ్మ చేతిల నుంచి అంగి ఇడిపించుకోని గద్దె దిక్కు నడిచిండు.

మోకాలు పట్టుకోని పక్క మెట్లెక్కిండు. సాగర్ చేతిల నుంచి తెర కొస మెల్లగ తీసుకున్నడు. ఒక్క మాట కోపంగ అనలే.

"నువ్వు పోయి నా కుర్చీల కూసో బిడ్డా. ఆడికెళ్లి మంచిగ కనిపిస్తది."

సాగర్‌కు ఏం సమజ్ గాలే, గని ముసలాయన మొఖం చూసి దిగిండు. బాలన్న కొస పైకెత్తి, జనం దిక్కు తిరిగి నిలవడ్డడు. ఎనక నుంచి సన్నగ ఇనవడ్డది.

"తాతా?"

"ఆఁ, నేనే."

"నువ్వు ముందట కూసుంటనన్నవ్ గద."

"కూసున్న. ఇగ చాలు. నేను చూస్తలేను బిడ్డా, ఎవ్వరూ చూస్తలేరు. నీ ఇష్టమున్నప్పుడు పాడు. తెర ఒత్తేదాక నేను ఇడువ."

హార్మోనియం ఆగి ఉన్నది. పై మెట్ల మీద ఒకరిద్దరు చప్పట్లు కొట్టి తొందర పెట్టిన్రు. బాలన్న కదల్లే. ఈ వయసుల తెర ఎంతసేపని ఎత్తి పడతడు. ఒకసారి తిరిగి చూడాలని మెడ గుంజింది. మూరెడు దూరంల ఉన్నది పిల్ల. చూస్తె ఎవరికీ తెల్వదు గూడ. ఆయన చూడలే.

గజ్జెలు మోగినయ్. మెల్లగ, తర్వాత గట్టిగ. "వెడలెను కనకవల్లి, వెన్నెల మొలక తీరుగ" అని గొంతు లేచి, తెర మీదికెళ్లి, మెట్ల మీదికెళ్లి, బావి అంచు దాక పోయింది. దరువంత పాడింది. ఎక్కడ ఆగాల్నో ఆడనే ఆగింది. ఆఖరుకు బాలన్న ఎడమ చెయ్యి పక్కన తెరల చిన్న అరచెయ్యి అచ్చు పడ్డది.

ఇడిసిండు.

ఎదురుంగ జనం. ఒక్క దవడ కదలలే. ముందు వరుసల పుష్పమ్మ లేచి నిలవడ్డది, ఎందుకు లేచిందో ఆమెకే తెల్వదు. బాలన్న తెర చుట్టుకోని పక్కకు జరిగిండు, రాజకుమారి జడ చూసుకుంట ఆట అయ్యేదాక నిలవడ్డడు.

ఆట అయినంక జనం పలచవడ్డరు. లోపట సాయిప్రియ రంగు తుడుచుకుంటున్నది. బాలన్న వచ్చి తన కుర్చీల కూలవడ్డడు. చూడలేకపోయినన్న బాధ ఉన్నది, లేదంటె అబద్ధం. అప్పుడే ఆయనకు యాదికొచ్చింది, సాగర్ ఈడనే కూసున్నడు, చేతుల ఫోన్ ఉన్నది. పాణం లేచొచ్చింది. సాగర్‌ను పిలిచిండు.

"సాగరూ, తెర పడ్డది తీసే ఉంటవ్ గద. జర చూపియ్యి బిడ్డా."

సాగర్ ఫోన్ తీసిండు. వేలుతోని పైకి కిందికి జరిపిండు. రాజు ప్రవేశమున్నది. తెర ఎనక తీసిన ముక్క ఉన్నది, దాన్ని గబగబ దాటేసిండు. ఎర్ర తెర ఉన్నది, తెర పట్టుకున్న ముసలాయన ఉన్నడు. గాడికే ఆగిపోయింది. సాగర్ మొఖం చిన్నగైంది.

"కాకా, తియ్యలే. తీద్దమనే పట్టుకున్న. తెర పడంగనె చెయ్యి కిందికొచ్చింది. మర్సిపోయిన."

బాలన్న పాణం ఉసూరుమన్నది. ఇంకెవరి ఫోన్లన్న ఉంటదేమో, అడగాలనిపియ్యలే. ఇగ పాయె, అనుకున్నడు. అనుకోని, సాగర్ దిక్కు మళ్ల చూసిండు. మేక పిల్లను ఇడిసిపెట్టని మనిషి.

"మర్సిపోయినవా? నువ్వు?"

"కసం కాకా, నీ మీద ఒట్టు. మర్సిపోయిన."

బాలన్న మొఖం మెల్లమెల్లగ ఇప్పారింది. పక్కన కుర్చీ గుంజి, సాగర్ చెయ్యి పట్టి కూసోవెట్టిండు.

"గట్లయితె చెప్పు. పిల్ల ఎట్లొచ్చింది? మొదటికెళ్లి చెప్పు."

"తెర పడ్డది కాకా. ఇట్ల తల ఎత్తి నిలవడ్డది..."

"ఎత్తలే," అన్నది పుష్పమ్మ. "ముందుగాల్ల కండ్లు మూసుకోని ఉన్నది. తర్వాత ఎత్తింది. నీకేం తెలుసు, నువ్వు నా చెయ్యి పట్టుకోని ఏడ్సుకుంట కూసున్నవ్."

"నువ్వే పట్టుకున్నవ్ కదమ్మా నా చెయ్యి."

ఇద్దరూ వాదులాడుకుంట చెప్పిన్రు. బాలన్న ఇద్దరి మొఖాలు మార్చి మార్చి చూసుకుంట ఇన్నడు.