ఆదివారం పొద్దుటి కూర

నా చిన్నప్పుడు మా చెల్లెలి దవడల మీద నాకు పట్టరాని ఈర్ష్య ఉండేది. చిలకలగూడలోని మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం మటన్ కూర వండేవారు. చెల్లెలు మూలుగ బొక్కను కొరికి, పీల్చి, వేళ్లు నాకుతుంటే, నేను నాలుగు ముద్దలకే జారిపోయే గడ్డాన్ని ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని కూర్చునేదాన్ని. అప్పుడు అమ్మ నాకు పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టేది.

నాది నరాలకూ కండరాలకూ మధ్య వచ్చే జబ్బు. నరం పంపిన కబురు కండకు సరిగ్గా అందదని, వాడేకొద్దీ కండ అలసిపోతుందని, కాసేపు ఊరుకుంటే మళ్లీ కోలుకుంటుందని డాక్టరు చెప్పి మాత్రలు రాశారు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో నాకే ఎందుకు వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెల్లెలికి పంటినొప్పి రావాలని దేవుడికి మొక్కుకునేదాన్ని.

ఒక ఆదివారం నా చూపంతా చెల్లెలి కంచం మీదే ఉండడం మా నాయనమ్మ గమనించింది. పక్కకు పిలిచి అడిగితే, "దాని దవడలు నాకియ్యమను" అని ఏడ్చాను. ఆమె నవ్వలేదు, ఓదార్చనూ లేదు.

"పొద్దుగాల మాత్ర ఏసుకున్నంక రొట్టె మంచిగనే తింటవు గదనే?" అని అడిగింది.

మరుసటి ఆదివారం తెల్లవారుతూనే నాన్నను మటన్ దుకాణానికి పంపింది.

"గింత పొద్దుగాల కూర ఎవరు తింటరమ్మా?" అని నాన్న గొణిగాడు.

"మనం తింటం" అంది నాయనమ్మ.

నా మాత్ర పనిచేసే వేళకు ఇంటిల్లిపాదినీ కంచాల ముందు కూర్చోబెట్టింది. ముక్కముక్కకూ ఆగుతూ, నిదానంగా నములుతూ కడుపునిండా తిన్నాను. మూలుగ కూడా నాకే వేసింది. నిద్రమొహంతో కూర్చున్న చెల్లెలు నా కంచం వైపు చూసి, "అన్నీ అక్కకేనా?" అని మూతి ముడిచింది. నన్ను చూసి ఒకరు కుళ్లుకోవడం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే, కూర కన్నా అదే ఎక్కువ రుచించింది.

జబ్బు పోలేదు. సాయంత్రానికి రెప్పలు వాలిపోయేవి. చెల్లెలు వాకిట్లో తాడాట ఆడుతుంటే నా కడుపు మళ్లీ మండేది. అయినా మా ఇంట్లో ఆదివారం కూర పొద్దుటికే స్థిరపడిపోయింది.

పెద్దయ్యాక టీచరునై, కష్టమైన పాఠాలన్నీ మొదటి పీరియడులోనే చెప్పాను. ఈ వయసులోనూ ఏదైనా పని ఎదురైతే, నాకు చేతనవుతుందా అని నన్ను నేను అడగను. ఏ వేళకు చేతనవుతుందో చూసుకుని, ఆ పనిని ఆ వేళకు రమ్మంటాను.