దొర పక్క సీటు

డెబ్బైల్లో ఒక ఎండాకాలం మిర్యాలగూడలో కోదాడ బస్సెక్కాను. నిలబడడానికే చోటు లేదు. అయినా ముందు వరుసలో ఒక ముసలాయన పక్కన సీటు ఖాళీగా ఉంది. కొత్తవాణ్ణి కనుక వెళ్లి కూర్చున్నాను. అందరూ నావైపే చూశారు.

“మీరు ఈడోళ్లు కాదు గదా,” అన్నాడాయన. “వీళ్లంత మా దిక్కోళ్లు. నా పక్కన కూసోరు.”

ఆయన గరిడేపల్లి దగ్గర ఒక ఊరి దొర. ఒకప్పుడు ఎమ్మెల్యే. దొరల భూములకు పరిమితి పెట్టే బిల్లు వస్తే అసెంబ్లీలో తానూ చెయ్యెత్తాడట. ఆ తర్వాత చుట్టాలెవరూ ఆయన గడప తొక్కలేదట.

“స్వీడన్‌ల గూడ ఇట్లనే ఒక దొర ఉండె, పోయిన శతాబ్దంల. పార్లమెంటుల దొరలకని విడిగ ఒక సభ ఉంటే, దాన్ని తీసేసే బిల్లు తనే పెట్టిండు. ఆ దొరలతోటే ఒప్పించిండు.”

“తర్వాత ఆయన సంగతేమైందండీ?”

“ప్రధానమంత్రి అయిండు. గని ఆయన రైలెక్కితే పక్కన ఎవరన్న కూసున్నరో లేదో, నేను చదివిన పుస్తకంల రాయలె.”

గరిడేపల్లిలో చంటిపిల్లతో ఒకామె ఎక్కింది. ఆయన లేచి, “కూసో బిడ్డా,” అన్నాడు. ఆమె ఆయన్ని చూడగానే చెప్పులు విడిచి చేత పట్టుకుంది. “వద్దు దొరా,” అంటూ వెనక్కి జరిగింది. ఆయన మళ్లీ కూర్చోలేదు. ఆయన నిలబడి ఉండగా కూర్చోలేక నేనూ లేచాను.

కిక్కిరిసిన ఆ బస్సులో ఆ రెండు సీట్లూ ఆయన దిగిన హుజూర్‌నగర్ దాకా ఖాళీగానే వచ్చాయి.