రెండు వైపులా హుక్కులే

నిన్న శనివారం. పొద్దున భద్రాచలం హాస్టల్లో చర్ల బస్సు కోసం బ్యాగ్ సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. మా ఊరి వాట్సాప్ గ్రూప్.

“మార్తమ్మ టైలర్ ఇక లేరు.”

కింద దండం పెట్టే ఇమోజీలు వరుసగా పడుతున్నాయి.

నేను నమ్మలేదు. అలా నమ్మకూడదని నేర్పింది కూడా మార్తమ్మ అత్తే.

గ్రూపులో వచ్చిన ఏ మెసేజ్ చదివి వినిపించినా ఆమె ముందు అడిగేది ఒకటే. “నువ్వు చూసినవా? చూసినోళ్లనన్న అడిగినవా?” రెండూ కాకపోతే ఆ వార్త ఆమె షాపులో చెల్లదు.

అందుకే అత్త భర్త ఏలియా మామకి కాల్ చేశాను. ఆ ప్రశ్న మాత్రం నోట్లోంచి రాలేదు. మామకే అర్థమైంది.

“అవ్ బిడ్డా. గుండెల నొప్పన్నది. దవాఖానాల నేను పక్కనే ఉన్న. నేనే చూసిన.”

బ్యాగ్ తీసుకుని చర్ల బస్సెక్కాను.

మార్తమ్మ అత్త నాకు చుట్టం కాదు. చర్ల బస్టాండ్ వెనక సందులో ఆమెది చిన్న టైలర్ షాపు. ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ అయ్యాక, మా ఊరి బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చునేదాన్ని.

కూర్చోవచ్చు. వాదించవచ్చు కూడా. కానీ వాదించాలంటే చేతిలోకి ఒక జాకెట్టూ, సూదీ తీసుకోవాలి.

రాజకీయాలు కానీ, ఫోన్లు కానీ, పిల్లల చదువులు కానీ, ఎవరు మొదలుపెట్టినా అత్త వాళ్ల ఒళ్లో ఒక జాకెట్టు పడేసేది. హుక్కులు కుట్టుకుంటూ మాట్లాడాలి. చేతిలో సూది ఉంటే ఎవరూ చెయ్యి ఊపుతూ అరవలేరు. అరిస్తే వేలికి గుచ్చుకుంటుంది.

ఎలక్షన్ల టైమ్‌లో అత్త దగ్గర జాకెట్లు భలే తొందరగా రెడీ అయ్యేవి.

ఇంట్లో నేను పేపర్ చదివి ఏమైనా అంటే “నీకెందుకే ఆ ముచ్చట్లు” అనేవాళ్లు. కాలేజీలో అడిగినదానికి జవాబు రాయడమే. “నాకు ఇలా అనిపిస్తోంది” అని నేను మొదటిసారి పైకి అన్నది ఆ షాపులోనే.

అత్తకి అన్నిటి మీదా ఒపీనియన్ ఉండేది. తప్పులు కూడా చాలానే ఉండేవి. గోడకి క్యూఆర్ స్టిక్కర్ అంటిస్తే “వానకాలం దాటదు ఇది” అంది. అది ఇప్పటికీ ఉంది.

యూట్యూబ్‌లో నేర్చుకునేది అసలు నేర్చుకోవడమే కాదనేది. ఒకరోజు ఫోన్‌ని కుట్టుమిషన్‌కి ఆనించి, కొత్త మెడ డిజైన్ చూస్తూ దొరికిపోయింది.

“ఏందత్తా, నేర్చుకుంటున్నవా?”

“నేర్చుకుంటలేను. వాడెట్ల తప్పు కుడుతుండో చూస్తున్న.”

ఏఐ గురించి చెబితే మొత్తం విని, “గంత తెలివైందైతే, ఒక్కసారన్న నాకు తెల్వదు అన్నదా?” అని అడిగింది.

అన్నిటికన్నా ఎక్కువగా గుర్తొస్తున్నది, జాకెట్లు కుట్టించుకోవడానికి షాపుకొచ్చే సమ్మక్కతో నా గొడవ.

సమ్మక్కది వాగు అవతల అడవిలో ఊరు. అక్కడికి ముందు సెల్ టవర్ రావాలా, రోడ్డు రావాలా అని మాట వచ్చింది. నేను టవర్ అన్నాను.

“ఫోన్ కలవకుంటే అంబులెన్స్‌ని ఎట్ల పిలుస్తవక్కా?”

“పిలిస్తే యాడిదాక వస్తది బిడ్డా? వాగు దాకనే గదా. మంచం మీద మోసేది మేమే.”

నేను ఆగలేదు. ఆన్‌లైన్ క్లాసులు అన్నాను, స్కాలర్‌షిప్‌లు అన్నాను. చేతులు వాటంతట అవే కుట్టుకుపోతున్నాయి. 

అత్త నా చేతిలోని జాకెట్టు లాక్కుని అందరికీ ఎత్తి చూపించింది. ఒకవైపు హుక్కులు, రెండోవైపు వాటిని పట్టుకునే కాజాలు కుట్టాలి. నేను రెండు వైపులా హుక్కులే కుట్టేశాను.

“ఇగ దీన్ని పట్టేదెవరే?”

ముందు సమ్మక్కే నవ్వింది.

“ఒక దిక్కు విప్పి కాజాలు కుట్టు. సమ్మక్కా, నువ్వు మళ్ల మొదటి నుంచి చెప్పు. నిమ్మళంగా చెప్పు, పిల్ల ఇంటది” అంది అత్త.

కాజాలు కుడుతూ విన్నాను. సమ్మక్క వాళ్ల అత్తకి బాగాలేని రోజు ఎవరో గుట్ట ఎక్కితే ఫోన్ కలిసిందట. బండి కూడా వచ్చిందట. వాగు ఇవతలే ఆగిపోయిందట.

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. కానీ ఆ తర్వాత టవర్ గురించి మాట్లాడిన ప్రతిసారీ ఆ వాగు కూడా నా మాటల్లోకి వస్తోంది.

నిమ్మళం. అత్త దగ్గర దొరికిన మాటల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. పలుకుతుంటేనే గొంతు తగ్గిపోతుంది.

ఈరోజు చర్చిలో ప్రార్థన అయ్యాక అత్తని మట్టిలో పెట్టి వచ్చాం. సమ్మక్క కూడా వచ్చింది. నన్ను పక్కకి పిలిచి అంది.

“ఈ వారంలనే మా పిల్ల పెళ్లి. జాకెట్టు షాపులనే ఉంది. గిట్లాంటప్పుడు మామని ఎట్ల అడగాలె బిడ్డా?”

నేనే వెళ్లి అడిగాను. మామ జేబులోంచి షాపు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

“హుక్కులు, కాజాలే మిగిలినయని మొన్న చెప్పింది. తియ్యుండ్రి. బంద్ పెడితే ఆమె ఊకోదు.”

అందుకే రేపు నేను హాస్టల్‌కి వెళ్లడం లేదు. ఫస్ట్ బస్సుకి సమ్మక్క చర్ల వస్తానంది. తను హుక్కులు కుడుతుంది, నేను కాజాలు కుడతాను. రోడ్డు సంగతి అప్పుడు మాట్లాడుకుంటాం.

నిమ్మళంగా పండుకో అత్తా. రేపు పొద్దున షటర్ మేం ఎత్తుతాం.