చిన్నాయన పెట్టని నిప్పు

మొన్న టీవీలో ఎక్కడో పరదేశపు అడవి తగలబడుతుంటే, భూమి వేడెక్కిపోవడం వల్లే ఇలా అవుతోందని మా మనవరాలు చెప్పింది. నేను కాదనలేదు గానీ, నాకు మాత్రం హోసూరు పక్కన తళి దగ్గర మా పుట్టింటి గుట్టా, మా నాన్న తమ్ముడైన చిన్నాయనా కళ్ల ముందు మెదిలారు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. చలి పూర్తిగా వదలకముందే, మంచు తడి ఆరీ ఆరని వేళ మగవాళ్లంతా గుట్టెక్కి ఎండుగడ్డిని కొంచెం కొంచెంగా కాల్చి ఆర్పేవారు; ఆ మంట మోకాలెత్తు దాటేది కాదు, పెద్ద చెట్లకు సెగ తగిలేది కాదు, తొలివానకు ఆ నల్లనేల మీద లేతగడ్డి మొలిస్తే పశువులు ఇంటిముఖం పట్టేవి కావు. తొంభైలలో మా కుర్రవాళ్లు హోసూరు ఫ్యాక్టరీలకు పోయారు, పశువులు సంతకు పోయాయి, గుట్టంతా లంటానా ముళ్లపొదలు కమ్ముకున్నాయి.

చిన్నాయన ఒక్కడే ఏటా ఇంటింటికీ తిరిగి బతిమాలేవాడు. "ఈ ఏడన్నా రండప్పా, ఎండలు ముదిరినంక అంటుకుంటే మన చేతిలో ఉండదు" అంటే, మా అన్న "షిఫ్టు ఇడిచిపెట్టి యాడ వచ్చేది చిన్నాయనా?" అని నవ్వేశాడు.

రెండువేలు దాటాక ఒక వేసవి నడి ఎండలో గుట్ట అంటుకుంది. మంట పొదల మీదుగా చెట్ల తలలకెక్కి, తేనెపట్టులను, పక్షిగూళ్లను బూడిద చేసి, దిగువనున్న మా అన్న మామిడితోటనూ మింగింది. ఎవరు అంటించారో ఎవరూ చూడలేదు. అయినా "నిప్పు పెట్టే యావ ఆయనకే కదా" అని మొదట అన్నది మా అన్నే.

ఆ పొద్దు చిన్నాయన కెలవరపల్లిలో నా మెట్టినింట్లో ఉన్నాడు. నేను బస్సెక్కి పోయి, ఊరి పెద్దల ముందు నిలబడి చెప్పాను.

"నా చేత్తో సంగటి పెట్టినానన్నా. ఈడ లేని మనిషి నిప్పెట్ల పెడతాడు?"

"చిన్నాయనంటే నీకు పానం, అట్లే చెప్తావులేమ్మా" అన్నాడు మా అన్న. పెద్దలు కండువాలు దులుపుకుని లేచిపోయారు.

చిన్నాయన సూళగిరిలోని కూతురింటికి వెళ్లిపోయాడు, మళ్లీ మా ఊరి వైపు చూడలేదు, అక్కడే పోయాడు. ఆనాడు మా అన్న వచ్చి అందరికంటే గట్టిగా ఏడ్చాడు. నేను పలకరించలేదు, ఇప్పటికీ పలకరించను.

ఒకప్పుడు ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకున్న తళిలో ఇప్పుడు ఫ్యాను లేనిదే నిద్ర పట్టదు, వేసవి వస్తే గుట్ట ఎక్కడో ఒకచోట మండుతూనే ఉంటుంది. ఒకప్పుడు కాల్చడానికైనా ఆర్పడానికైనా ఊరంతా కదిలేది. ఇప్పుడు పొగ కనబడితే కిటికీలు మూసుకుని, ఎవడు పెట్టాడో అని మాత్రం అడుగుతారు.