ఫిజీ టికెట్లు తీసే ముందు దైమానియాత్ దీవుల్లో ఒకరోజు

మా పెళ్ళయి పాతికేళ్ళు నిండే ఏడాది ఎక్కడికైనా దూరంగా వెళ్ళాలని నేనూ మావారు ప్రసాదూ చాలాకాలంగా అనుకుంటున్నాం. ఫిజీ అన్న పేరును మా ఇంట్లోకి తెచ్చింది పార్వతి. మస్కట్‌లో నేను నర్సుగా చేసే ఆసుపత్రిలో, నా వార్డులోనే ఆమెదీ డ్యూటీ. ఫిజీలోనే పుట్టి పెరిగింది. చెరకు తోటల్లో పనికని ఆమె ముత్తాతను మన గోదావరి వైపు నుంచే ఓడెక్కించారట. నాయనమ్మ నోట విన్న నాలుగైదు మాటలు తప్ప ఆమెకు తెలుగు రాదు. మేమిద్దరం హిందీలో మాట్లాడుకుంటాం. ఆమెది ఫిజీ హిందీ, నాది గల్ఫులో నేర్చుకున్న హిందీ. మూడోవాళ్ళు వింటే ఏ భాషో చెప్పలేరు.

దార్సైట్‌లోని మా ఫ్లాట్‌లో కూర్చుని పార్వతి మా ప్రయాణమంతా గీసిపెట్టింది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ తుఫానుల కాలం కాబట్టి జూలైలో వెళ్ళాలి. మస్కట్ నుంచి నేరుగా విమానం లేదు. సిడ్నీ మీదుగా వెళితే మన పాస్‌పోర్టుకు ట్రాన్సిట్ వీసా గొడవ ఉంటుంది, సింగపూర్ మీదుగా ఫిజీలోని నాందీలో దిగడం తేలిక. అక్కడి నుంచి పడవలో బయటి దీవులకు వెళ్ళాలి. ఊళ్ళలోకి అడుగుపెట్టేటప్పుడు మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి, టోపీ తీసేయాలి, ఊరిపెద్దకు, నలిపి నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా వేళ్ళ కట్ట కానుకగా ఇవ్వాలి. ఇవన్నీ చెబుతుంటే ప్రసాద్ తలూపుతూ విన్నాడు. నేను మాత్రం పడవ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. నాకు నీళ్ళంటే భయం. నరసాపురం దగ్గర మా కాలవ రేవులో చిన్నప్పుడు కాలుజారి మునిగాను. ఎవరో జుట్టు పట్టుకుని లాగారు. ఆ తర్వాత చెంబుతో తప్ప నీళ్ళ జోలికి పోలేదు. పడవలో దీవికి వెళ్ళి ఒడ్డున కూర్చుని రావడానికి అంత దూరం ఎందుకని, టికెట్లు తీసే రోజు దగ్గర పడుతుంటే "ఊటీ పోదామండీ" అన్నాను.

ఆ మాట పార్వతి దాకా వెళ్ళింది. "ముందు ఇక్కడి సముద్రంలో దిగి చూడు. నచ్చకపోతే ఊటీకి నేనే టికెట్ తీస్తాను" అంది. అలా మొదలైంది ఈ దైమానియాత్ ప్రయాణం.

మస్కట్ శివారులోని సీబ్ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న తొమ్మిది చిన్న దీవులివి. మనుషులెవరూ ఉండరు. తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు కాబట్టి వేసవి మొదలవగానే దీవి మీద కాలు పెట్టనివ్వరు. ఇసుకలో దిగాలంటే నవంబరు, ఏప్రిల్ మధ్యలోనే వెళ్ళాలి. మేం మార్చిలో వెళ్ళాం. పడవ, అనుమతి రుసుము, నీటిలో చూసే అద్దాలు, ఊపిరి తీసుకునే గొట్టాలు, తాగునీళ్ళు అన్నీ కలిపి మనిషికి పాతిక రియాల్స్ పడింది. శుక్రవారం మాకు చర్చి ఉంటుంది కాబట్టి శనివారానికి పడవ మాట్లాడుకున్నాం.

తెల్లారి ఆరున్నరకు దార్సైట్‌లో బయల్దేరాం. సెలవురోజు కావడంతో రోడ్డు ఖాళీ. అల్ ఖువైర్‌లో తన ఆఫీసు ముందు నుంచి వెళ్తున్నప్పుడు ప్రసాద్ అలవాటుగా కారు నెమ్మది చేశాడు. వెనక సీట్లో పార్వతి ఒళ్ళో ఐసుపెట్టె పెట్టుకుని కూర్చుంది. వార్డులో నిమిషం ఊరుకోని మనిషి ఆ రోజు ఎందుకో మాట్లాడలేదు. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. పొద్దున్న ఇడ్లీలు రెండు మించి తిననివ్వలేదు ఆమె మమ్మల్ని. పడవ ఎక్కాక ఆ సలహా విలువ తెలిసింది.

సీబ్ దగ్గరి పడవల రేవులో ఏడున్నరకల్లా ఉండమన్నారు, ఎనిమిదికి బయల్దేరాం. పడవ నడిపే ఖలీద్ ఒమానీ. మాటలో సగం ఉర్దూ. నేను రెండు చేతులా కమ్మీ పట్టుకోవడం చూసి, "సిస్టర్, టెన్షన్ మత్ లో. ఆజ్ సముందర్ సో రహా హై" అన్నాడు. కంగారు పడొద్దు, సముద్రం నిద్రపోతోందన్నాడు గానీ, నిద్రలో బాగానే దొర్లింది. ముప్పావుగంట సేపు నేను కీర్తనలన్నీ మనసులో పాడేసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి నీళ్ళ రంగు మారిపోయి ఉంది. నీలం పోయి, లేత పచ్చ. అడుగున రాళ్ళు, వాటి మీద మా పడవ నీడ కనిపిస్తున్నాయి. ఎదురుగా తెల్లటి ఇసుక, దాని వెనక గోధుమరంగు కొండరాయి. చెట్టన్నది లేదు. అయినా ఎంత బాగుందో.

ఖలీద్ అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చాడు. ప్రసాద్ తీసుకుని సీటు మీద పెట్టాడు.

"వేసుకోండి" అన్నాను.

"నాకెందుకే? వశిష్ఠ గోదావరిలో ఆ ఒడ్డు దాకా ఈదినోణ్ణి" అన్నాడు. ఖలీద్ మరోసారి చెప్పాడు. ఈయన నవ్వుతూ నీళ్ళలో దూకేశాడు.

నా వంతు వచ్చింది. పార్వతి ముందు దిగింది. నిచ్చెన చివరి మెట్టు మీద ఆమె కూడా కాసేపు ఆగడం చూశాను. తర్వాత నీళ్ళలోంచి రెండు చేతులూ నావైపు చాచి, "దా... దా" అంది. తెలుగులో, పసిపిల్లను పిలిచినట్టు. దిగాను. కాళ్ళకింద ఏమీ లేదు. కానీ జాకెట్టు నన్ను పట్టుకుంది, ఆమె నా చేయి పట్టుకుంది. అద్దంలోంచి కిందకి చూశాను. పసుపు గీతల చేపలు గుంపుగా, మా కాలవలో పరిగెల్లాగే, నన్ను పట్టించుకోకుండా పోతున్నాయి. ఒక తాబేలు నా కిందనుంచే తీరిగ్గా వెళ్ళింది. నా గొట్టంలోంచి ఏవో కూతలు వచ్చాయని పార్వతి తర్వాత చెప్పింది. అవి సంతోషంతోనే.

అప్పుడే దగ్గు వినిపించింది. ప్రసాద్ మాకు కొంచెం దూరంలో తల పైకెత్తి దగ్గుతున్నాడు. గొట్టంలోకి ఉప్పునీళ్ళు వెళ్ళాయి. దానికి తోడు పిక్క పట్టేసింది. చేతులు నీళ్ళను కొడుతున్నాయే గాని మనిషి ముందుకు రావడం లేదు. మొహం చూస్తే అర్థమైంది. ఊపిరాడని అలాంటి మొహాలు వార్డులో చూశాను.

భయపడే తీరిక లేదు. పార్వతి వెళ్తూ నన్నూ లాగింది. అందేంత దూరానికి రాగానే ఆయన నా భుజాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరం ఒకసారి నీళ్ళలోకి పోయి పైకి తేలాం. "ఏమండీ, నన్నే చూడండి. కాళ్ళు కొట్టకండి. ముక్కుతో కాదు, నోటితో ఊపిరి తీయండి" అన్నాను. ఆక్సిజన్ పెట్టేటప్పుడు రోగితో మాట్లాడే గొంతే వచ్చింది. పార్వతి వెనక నుంచి ఆయన గడ్డం పైకెత్తి పట్టుకుంది. ఖలీద్ తాడు కట్టిన, నీళ్ళలో తేలే చక్రం విసిరాడు. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు పట్టిందేమో. పడవలోకి ఎక్కాక ఆయన పిక్క రుద్దుతూ కూర్చున్నాను. దగ్గు తగ్గాక ఆయన అడిగాడు.

"నువ్వు మునగలేదేంటే?"

"జాకెట్టు వేసుకున్నాను గదండీ."

ఖలీద్‌కు తెలుగు రాదు, అయినా నవ్వాడు.

దీవి ఇసుకలో నీడ లేదు. పడవలోని గొడుగు తెచ్చి పాతి, దానికింద కూర్చున్నాం. పార్వతి పెట్టె తెరిచింది. రాత్రే చేసిన కొకోడా: పచ్చి చేపముక్కల్ని నిమ్మరసంలో ఊరబెట్టి, కొబ్బరిపాలు, ఉల్లి, పచ్చిమిర్చి కలిపిన ఫిజీ వంటకం. చేప సీబ్ బజారుది. పచ్చి చేపేమిటని జంకాం గానీ, నిమ్మరసంలో అది తెల్లగా మెత్తబడిపోయింది. ప్రసాద్ రెండోసారి పెట్టించుకున్నాడు.

తింటూ నేనే అడిగాను, పొద్దున్నుంచీ ఎందుకలా ఉన్నావని. ఆమె ఇసుకలో గీతలు గీస్తూ చెప్పింది. ఈత నేర్పింది వాళ్ళక్క. సరిహద్దులు మూసేసిన కరోనా రోజుల్లో అక్క పోయింది. అంత్యక్రియలు ఫోన్‌లో చూసింది. అస్థికలు ఫిజీలోనే లౌటోకా దగ్గర సముద్రంలో కలిపారు. "ఆ తర్వాత సముద్రంలో దిగడం ఇదే మొదలు. మస్కట్‌లో ఇన్నేళ్ళున్నా ఒడ్డుకు కూడా వెళ్ళలేదు. దిగి చూడమని నీకు చెప్పేశాను గదా అని దిగాను. దిగాక నీ భయం చూసుకోవడమే నాకు పని అయింది" అంది.

అప్పుడు తెలిసింది. మాకు ఏ దీవికి ఏ రోజు పోవాలో, ఏ బజారులో పనసకాయ కొనాలో చెప్పిన మనిషి, తాను మాత్రం ఎన్నడూ అక్కడికి తిరిగి పోనని అనుకునే ఇదంతా చెప్పింది. ప్రసాదే, పిక్క ఇంకా రుద్దుకుంటూ, "ఆవిడ రాకపోతే అక్కడ నా గడ్డం ఎవరు పట్టుకుంటారు? మూడు టికెట్లు తీద్దాం" అన్నాడు. నేను దాన్ని హిందీలోకి మార్చాను. పార్వతి చేతిలో ఇసుక దులుపుకుని, ఒక్కతే నీళ్ళలోకి నడిచింది. ఈసారి ఈదుతూ చాలా దూరం వెళ్ళింది. ఖలీద్ లేచి నిలబడి ఆమెనే చూస్తూ ఉన్నాడు. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఉప్పునీళ్ళకే అనుకున్నాం. ఒంటిగంటకల్లా సీబ్ రేవులో ఉన్నాం. సోమవారం నేను డ్యూటీకి వెళ్ళేసరికి, పార్వతి జూలైకి సెలవు అడిగిందని తెలిసింది.

దూరదేశాలు చూడాలని ఎంత ఆశపడ్డానో, ఇంటికి గంటన్నర దూరంలో ఉన్న ఈ దీవిని ఇన్నేళ్ళూ అంతగా విస్మరించాను. భయం పోయిందని చెప్పను. రాత్రి పడుకుంటే కాళ్ళకింద నేల లేనట్టే అనిపిస్తుంది. కానీ ఇప్పుడు ఆ నేల లేనిచోట ఒక తాబేలు తిరుగుతూ ఉంటుంది, అంతే తేడా. పార్వతికి మాత్రం ఆ సముద్రం ఏమి తిరిగిచ్చిందో నేను చెప్పలేను. నాందీలో విమానం దిగాక ఆమె ముఖం చూడాలని ఉంది.

మీరూ ద్వీపాల ప్రయాణం పెట్టుకుంటుంటే ఒక్క మాట: దూరపు సముద్రానికి టికెట్లు తీసే ముందు, మీతో వచ్చే వాళ్ళందరితో కలిసి దగ్గరి సముద్రంలో ఒకరోజు దిగి చూడండి. ఎవరికి ఈత వచ్చో, ఎవరికి ఎవరు తోడు కావాలో అక్కడే తెలిసిపోతుంది.